మూత

చలి మాకు కొరత కాదు.
గ్రీన్‌లాండ్ ఉత్తరపు అంచున
సముద్రం ఎనిమిది నెలలు గడ్డకట్టే ఊరికి
ఓడ దిగి ఫ్రీజరు వచ్చిందంటే
మా అమ్మమ్మ తుకుమ్మెక్ పళ్ళులేని నోటితో
పొద్దుగూకేదాకా నవ్వింది.
ఆగస్టు దాకా మా ఊళ్ళో పొద్దుగూకదు.

కొన్నది మేనమామ ఊసాక్కాక్.
తెల్లటిది, శవపేటికంత పొడుగు.
ఎర్రదారానికి కట్టిన చిన్న తాళంచెవి.

అంతకుముందు మాంసం బయటే ఉండేది,
కొయ్య అటక మీద,
కుక్కల మూతులకి అందనంత ఎత్తులో,
నలుగురి కళ్ళకీ అందే ఎత్తులో.
వాల్రస్‌ని ముందు చూసినవాడికి ఇంత,
మొదటి ఈటె దింపినవాడికి ఇంత,
ఒడ్డున తాడు లాగినవాళ్ళకి,
లాగలేక దగ్గుతూ నిలబడ్డ ముసలాయనక్కూడా ఇంత.
ఎవరూ లెక్క రాయలేదు.
ఎక్కడ ఆగాలో కత్తికి తెలుసు.

ఆ చలికాలం మామ రెండు సీల్‌లు తెచ్చాడు.
ఒకటి పంచాడు.
రెండోదానికి మూత పడిన చప్పుడు విన్నాం, అంతే.
మెత్తటి చప్పుడు, రబ్బరు పెదవులు కలుసుకున్నట్టు.
దొంగతనం కాదు. అబద్ధం కాదు.
పాస్టరు గారి పది ఆజ్ఞల్లో దాని ఊసు లేదు.
మా భాషలో దానికో తిట్టు కూడా లేదు.
అప్పటిదాకా పని పడలేదు.

మూడిళ్ళ అవతల ఇనాలుక్ పిల్లలు
ఆ వారమంతా డబ్బా సూపు తాగారు.
ఆ సంగతి మామకి తెలియదు.
మామ దగ్గర మాంసం ఉన్న సంగతి వాళ్ళకి తెలియదు.
ఈ తెలియకపోవడం కూడా
ఆ ఓడలోనే దిగింది.

నాకు పదకొండేళ్ళు.
బళ్ళో నేర్చిన తర్కం నాలుక చివర దురద.
అమ్మమ్మని అడిగేశాను:
"అయితే మీ మంచితనమంతా
మూత లేకపోవడమేనా?"

తోలు గీకుతున్న కత్తి ఆగింది.
దెబ్బ పడుతుందనుకున్నాను.
"కావచ్చు" అంది.

చాలాసేపటికి, నేను మరిచిపోయాక, చెప్పింది.
కుక్కల్ని కూడా తినేసిన ఏడాది,
తన పెళ్ళయిన కొత్తలో,
పడుకునే అరుగు కింద ఒక సీల్ రెక్క దాచిందట.
మొగుడు నిద్రపోయాక చీకటిలో చీకిందట.
ఎవరూ చూడలేదు.
"తెల్లారి పక్కింటి పసిది నన్ను చూసి నవ్వింది.
అప్పట్నించీ ఏం కోసినా
ముందు ముక్క ఆ ఇంటికే కోస్తాను.
నా కోడళ్ళు చూసి, అది ఆచారమనుకున్నారు.
వాళ్ళ పిల్లలు, అదే నీతి అనుకుంటున్నారు."
తోలు తిరగేసింది.
"ఆ పసిది ఇనాలుక్ వాళ్ళమ్మ."

సిగ్గు వాటాని కన్నదో
వాటా సిగ్గుని కన్నదో
నాకిప్పటికీ తేలలేదు.

ఫిబ్రవరిలో సూర్యుడు తిరిగొచ్చిన రోజు
అమ్మమ్మ మామ ఇంటికి చూడ్డానికెళ్ళింది.
కూర్చోకముందే మూత ఎత్తింది, చూసింది, దించింది.
రెండు కప్పులు కాఫీ తాగింది.
వాతావరణం గురించి మాట్లాడింది.
మర్నాడు ఇంకో ముసలమ్మ.
ఆ మర్నాడు పాస్టరు గారి భార్య.
వసంతానికి తాళంచెవి ఎక్కడుందో మామకే తెలియలేదు.
ఎర్రదారం మాత్రం కుక్కపిల్ల మెడలో కనిపించింది.

ఇప్పుడు మా ఊళ్ళో ఏ గడప తొక్కినా
ముందు మూత ఎత్తి చూడడం మర్యాద.
చూడకపోతే ఇంటావిడ చిన్నబుచ్చుకుంటుంది,
"మా ఇంట్లో ఏముంటుందిలే అనుకున్నావా?"
నా పిల్లలు దీన్ని
తాతలనాటి ఆచారమనుకుంటున్నారు.
నేను దిద్దలేదు.

నిన్న నా పెట్టె అడుగున
రొయ్యల సంచీ కింద
నార్వాల్ తోలు ముక్క ఒకటి పెట్టాను.
లేతది. చిన్నదాని పుట్టినరోజుకని.
పెట్టానా, దాచానా?
సంచీ పక్కకి జరపడానికి వంగాను.
గుమ్మంలో ఎవరో
బూట్ల మంచు దులుపుకుంటున్నారు.