రిజిస్టరులో పేరు

మూడు బడులు చూసినాను,
సెలవు పెట్టకుండా, రెండు ట్రిప్పుల నడుమ,
భుజాన టికెట్ల మిషను, ఒంటిమీద ఖాకీ కోటుతోనే.

ఎర్రముక్కపల్లిలో మొదటిది.
గోడల నిండా ఏనుగులు, జిరాఫీలు.
ముందు గదిలో కూచున్న పిల్ల నవ్వుతా
ఫీజుల కాగితం చేతికిచ్చింది.
లోపల్నుంచి ఒక్క గొంతూ వినపడలా.
పొద్దున పదిన్నరకు అరవై మంది పిల్లోళ్లు
అంత గమ్మున ఎట్లుంటారబ్బా!
కాగితం మడిచి బ్యాగులో పెట్టుకొని
మెట్లు దిగొచ్చేసినా.

రెండోదాంట్లో సారు నన్ను ఎగాదిగా చూసి
"మీ డ్యూటీ టైములు ఎట్లుంటాయమ్మా?" అన్నాడు.
బస్సు పంచరైన రోజు ఎట్లుంటాయో
ఆయనకు చెప్పలేదు.
అయిదు దాటితే గంటకింత అని
గోడమీద రాసిపెట్టినాడు,
సైకిల్ స్టాండు మాదిరి.

మూడోది చిన్నచౌకు వెనక సందులో,
ఒక మిద్దింటి కింది భాగం.
బోర్డు సగం వెలిసిపోయింది.
వాకిట్లో ఇరవై రెండు జతల బుడ్డ చెప్పులు,
ఒక జతలో రెండూ ఎడమకాలివే.
లోపల ఒక పిల్లది ఎక్కెక్కి ఏడుస్తాంది.
దస్తగిరమ్మ అంట, ఆయా,
దాన్ని ఊరుకోమనకుండా పక్కన గొంతుకూచొని
"ఊఁ, తర్వాత?" అంటాంది,
కత వింటాండట్టు.
నేనింకేమీ అడగలేదు.
బాత్రూము గడియ
పిల్లోళ్లకు అందేంత కిందుందా అని మాత్రం చూసుకున్నా.

"వాడు చూడనప్పుడు జారుకో" అనింది మా యమ్మ.
"దొంగ మాదిరి పోవద్దు" అనింది సునంద టీచరు,
"చెప్పి పో. ఏడిస్తే ఏడవనీ."

చెప్పినా.
"ఎప్పుడొస్తావు మా?"
మూడేండ్లోనికి గడియారం తెలీదు.
బస్సులు తెలుసు.
"మైదుకూరు పోతా, వస్తా.
మళ్లా మైదుకూరు పోతా, వస్తా."
వేళ్లు మడిచినాడు. నాలుగు.
నాలుగో వేలిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు,
అది జారితే నేను రానన్నట్టు.

ఆ పొద్దు ఖాజీపేట కాడ
ఒకాయప్పకు రెండు టికెట్లు కొట్టిచ్చినా.
"ఒక్కణ్ణే కదమ్మా నేను" అన్నాడు.
ఆ రెండోదాని దుడ్లు నా జేబులోనివే.

ఇంట్లో వాడు ఓబులు, వాళ్ల తాత పేరు.
రిజిస్టరులో లోహిత్,
కడుపుతో ఉన్నప్పుడు డిపో రెస్టురూములో
పాత వారపత్రిక తిరగేస్తా నేను ఏరుకున్నది.
"లోహిత్!" అని టీచరు పిలిస్తే
అందరితో పాటు వాడూ తలతిప్పి వెతికినాడంట,
ఎవరబ్బా ఆ పిల్లోడని.

వారం దినాలు గేటు కమ్మీ వదల్లేదు.
ఒకరోజు నా కోటు పట్టుకొని గుంజితే
గుండీ ఊడి వాని పిడికిట్లోనే ఉండిపాయె.
మింగుతాడేమోనని నేను పెరుక్కోబోతే
"ఉండనీ" అని దస్తగిరమ్మ
దారం ఎక్కించి
వాని మొలతాడుకు ముడేసింది.

పదో దినమో, పదకొండోదో,
చెన్నూరు వంతెన మీద లారీ అడ్డం పడి
బస్సు ముప్పావుగంట కదల్లేదు.
కడపలో దిగి పరిగెత్తినా.
నాలుగో వేలు ఎప్పుడో అయిపోయుంటాదే!
చూస్తే, దస్తగిరమ్మ ఎవరి పిల్లదానికో తల దువ్వుతాంది.
వీడు రబ్బరుబ్యాండు పట్టుకొని పక్కన నిలబడినాడు,
పెద్ద పనిలో ఉన్నోని మాదిరి.
నన్ను చూడనేలేదు.
ఏ పేరుతో పిలవాల్నో తోచక
గేటు కాడే కొంచేపు నిలబడిపోయినా.

రాత్రి సంగటి ముద్ద పెడతాంటే చెప్పినాడు:
"ఓబులు ఏడ్సినాడు మా. లోహిత్ ఏడ్సల్యా."
"మరి ఇప్పుడు నువ్వెవరు?"
నమలడం ఆపి ఆలోచించినాడు.
"సంగటి ఓబులుకు.
బొరుగులు లోహిత్‌కు. రేపటికి. డబ్బాలో."

నిద్రపోయినంక మొలతాడు తడిమి చూసినా.
దారముంది, గుండీ లేదు.
యాడ పోయిందో అడగలేదు.

పొద్దున కోటుకు వేరే రంగు గుండీ కుట్టుకుంటాంటే
చెప్పులు తారుమారుగా తొడుక్కొని
వాకిట్లోంచి అరుస్తాండాడు:
"బస్సు పోతాది మా, బిరిన్నే రా!"