పావు చుట్టు

మౌలాలి గుట్ట వెనక, రేకుల షెడ్డులో
చక్రాలు లేని బండి ఒకటి ఇటుకల మీద కూర్చుంది.
భూగర్భ సర్వేవాళ్ళు జిల్లా జిల్లాకీ లాక్కెళ్ళిన ఇల్లు అది.
రెండు మంచాలు, ఒక కిటికీ, చారెడు వంటగట్టు,
మూత తీస్తే ఎలుకల గూడు.
వేలంలో పాడింది నేనే.
ఎందుకని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పాను.

రంగు సులువు. చెక్క సులువు.
నీళ్ళ దగ్గరే బండి మొండికేసింది.
సింకు కింద, చెయ్యి దూరితే మొహం దూరని సందులో
ఇత్తడి నల్లా, ఇనప ఎల్బో
నలభయ్యేళ్ళుగా ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి.

బిచ్చప్ప వచ్చాడు, జహీరాబాదు వైపు మనిషి.
సంచిలో రెండు పైపు పానాలు, ఒక సైకిలు ట్యూబు ముక్క.
టార్చి పళ్ళతో పట్టుకుని తల లోపల పెట్టి, తీసి
"జంగు పట్టింది" అన్నాడు,
"జరం వచ్చింది" అన్నంత మామూలుగా.

అప్పటికే నేను పానాకి గొట్టం తొడిగి, ఒళ్ళంతా వేసి తొక్కి
ఒక నట్టు మూలలు కొరికేసి ఉన్నాను.
అది చూసి ఆయనేమీ అనలేదు.
వేలితో ఒకసారి తడిమాడు, అంతే.
సిగ్గేసింది.

మొదటి రోజు గాసునూనె.
గుడ్డపీలిక తడిపి కీలు చుట్టూ కట్టాడు
బెణికిన మడమకు కట్టినట్టు.
రెండో రోజు సుత్తెతో, చుట్టూ, చిన్నగా,
పుచ్చకాయ కొనేవాడు తట్టినంత.
చెవి పెట్టి విన్నాడు. "ఇంక లేదు" అని వెళ్ళిపోయాడు.
ఆ రెండు రోజులకీ కూలి తీసుకోలేదు.
"పని చేసింది నూనె గదమ్మా."

మూడో రోజు వాన. రేకుల చప్పుడుకి మాట వినపడదు.
బ్లోలాంపు మంట నీలంగా ఇత్తడి మెడను నాకింది;
తడి గోనె, బుస్సుమని ఆవిరి, మళ్ళీ మంట.
రెండు పానాలు ఎదురెదురు బిగించి
ఒకటి నా చేతికిచ్చాడు.
"మీరు తిప్పకుండ్రి. కదలకుండ పట్టుకోండ్రి."
ముందు బిగించే వైపే నెట్టాడు, వెంట్రుకవాసి.
తర్వాత ఎడమకు.

చప్పుడు ముందు నా మణికట్టులో వినిపించింది.
పావు చుట్టు.
ఆయన ఆగాడు. ఇంకాస్త నూనె. వెనక్కి సగం. మళ్ళీ పావు.

బయటికొచ్చిన పైపును రంపంతో అడ్డంగా కోసి
గోడకేసి తట్టి నా అరచేతిలో పెట్టాడు.
లోపల బెజ్జం జొన్నగింజంత.
దాని చుట్టూ ఉప్పు, పొరలు పొరలుగా:
తెల్లది నల్లగొండ అనుకుంటాను,
ఇటుకరంగుది ఇల్లందు,
బూడిదది కర్నూలు సున్నపురాయి,
అన్నిటికన్నా లోపల, పలచగా, పచ్చగా
ఆఫీసు ఆవరణలో ఊరికే నిలబడి తాగిన మన బోరు నీళ్ళు.
అంతా నా ఊహే. ఆయన మాత్రం
"ఇన్ని ఊర్ల నీళ్ళు తాగితె గొంతు పట్టదా" అన్నాడు.

మరల మీద జనపనార ఇంకా ఉంది, సఫేదాతో గట్టిపడి.
గోటితో విప్పుతూ ఉన్నట్టుండి నవ్వాడు.
"ఉల్టా చుట్టిండు. ఎడమచేతి మనిషి."
ఎప్పటివాడో, ఈ సందులోనే మోచెయ్యి గీరుకుని
మా ఇద్దరి మధ్య వంగి కూర్చున్నట్టయింది.
బిచ్చప్ప ఆ పోగును పారెయ్యలేదు, దాచుకోనూ లేదు.
పానా పళ్ళు తుడిచి కిటికీ అంచున పెట్టాడు.

పదకొండు కీళ్ళలో పది వచ్చాయి.
నేల కింద, ఇరుసు పక్కనున్నది రాలేదు.
నూనె తాగింది, మంట తాగింది, నా తిట్లన్నీ తాగింది.
కోసేద్దామన్నాను.
"కారుతలేదు గద. ఉండనీ.
రెండు దిక్కుల కొత్త చూడీలు కోసి పైపు ఏద్దాం,
నడుమ అది ఉంటది."

రాణీగంజ్‌లో తెచ్చిన యూనియన్లు
తెల్ల టేపు చుట్టి బిగించాం, కుడికి.
నల్లా తిప్పితే ముందు గాలి దగ్గింది,
తర్వాత ఎర్రగా, తర్వాత టీ రంగులో,
అరబకెట్టు పోయాక తేటగా.

రాత్రి టార్చి వేసుకుని కిందికి దూరి చూశాను.
రానిది పొడిగా ఉంది.
వేళ్ళు పెట్టి ఎడమకు తిప్పాను, ఊరికే.