తంబుచెట్టి వీధిలో తలుపు నంబరు యాభై

రెండో అంతస్తు. మెట్ల పొడుగునా వకీళ్ళ బోర్డులు,
ఒకరి పేరు మీద ఇంకొకరి పేరు.
కన్నికమ్మగారి దస్తావేజుల టైపింగు గదిలో
మూడు కొత్త కంప్యూటర్లు, అప్పడాల్లా పల్చగా;
మూలన స్టూలు మీద, గోనెసంచి రంగులో,
పాత లేజర్ ప్రింటర్.

"పారేయమంటున్నారు నాయనా అందరూ.
కొత్తవాటికి దీని తీగ దూరే కంతే లేదంట.
ఇరవై రెండేళ్ళుగా క్రయపత్రాలు, వీలునామాలు,
అన్నదమ్ముల పంపకాలు ఎన్ని రాసిందో!
ఒక్కనాడు అక్షరం తడబడలేదు.
కొత్త భాష రాదని మనిషిని పారేస్తామా?"

నేను జవాబు చెప్పలేదు.
తీగను చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలంత లావు,
కొసన ముప్పై ఆరు ఇత్తడి రేకులు,
అటూ ఇటూ చెవిపోగుల్లా కొక్కేలు.
ఒక్క ఇంటితోనే మాట్లాడిన తీగ.
పక్కింటి పేరైనా ఎరగదు.

రిచీ వీధిలో ఇర్ఫాన్ కొట్టు, వాన వెలిసిన బురద.
అట్టపెట్టెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవితే
దొరికింది చిన్న నల్లడబ్బా:
ఒకవైపు పాత తీగకు చోటు,
ఇంకోవైపు నెట్‌వర్క్ తీగకు.
"పనిచేస్తుందా?"
"నీ అదృష్టంన్నా," అన్నాడు తల ఎత్తకుండా.
ఆరొందలన్నాడు. మూడొందల యాభైకి ఇచ్చాడు.

డబ్బాకి దుబాసీ అని పేరు పెట్టాను.
ఈ పేటంతా దుబాసీలు తిరిగిందే:
ఓడ దిగినవాడి మాట ఒడ్డునున్నవాడికి,
ఒడ్డునున్నవాడి ధర ఓడలోవాడికి.
నేను మాత్రం? కొరుక్కుపేటలో
నిద్ర లేచింది తెలుగు, గడప దాటితే అరవం,
బిల్లు రాసేది ఇంగ్లీషు.

దుబాసీ పాత యజమానిని మరిచిపోనంది.
కన్నికమ్మ గాజుకున్న పిన్నీసు తీసిస్తే
సన్నటి కంతలో గుచ్చి పది లెక్కపెట్టాను.
దీపం ఆరి, వెలిగి, పుట్టినప్పటి నంబరుకొచ్చింది.
కానీ అది సున్నా వీధి. మాది ఒకటో వీధి.
మధ్యన గోడ ఒకటే, కేక మాత్రం వినపడదు.
నా ల్యాప్‌టాప్‌ని కాసేపు ఆ వీధిలో కాపురం పెట్టించి,
తలుపు తట్టి, లోపలికెళ్ళి,
దాన్ని చెయ్యి పట్టుకుని ఈ వీధికి తెచ్చాను.
రోజుకో ఇల్లు మారే అద్దె బతుకు కాదు,
చివర యాభై, ఇక ఇదే నీ తలుపు నంబరని
చీటీ రాసి పొట్ట మీద అంటించాను.

మొదటి కాగితం.
ట్యూబ్‌లైటు ఒకసారి కళ్ళార్పింది. ఫ్యాను నెమ్మదించింది.
లోపల ఎవరో గొంతు సవరించుకున్నట్టు...
కాగితం నెత్తిన ఒక వరస పిచ్చి గుర్తులు.
ఇంకో కాగితం, ఇంకో వరస. ఇంకోటి. ఇంకోటి.
"ఆపు నాయనా, కట్ట అయిపోతుంది!"
నలభై ఒక్క కాగితాలు. స్విచ్చి కట్టేసి
చొక్కాతో మొహం తుడుచుకున్నాను.
తప్పు దానిది కాదు. దానికి రాని యాసలో
పలకరించింది నేనే.

జాబితాలో కిందికి, ఇంకా కిందికి వెళ్ళి
ఎవరూ ముట్టని పాత డ్రైవర్ని ఎంచుకున్నాను.
పక్కగదిలోంచి యాళిని ఒక పేజీ పంపింది.
దగ్గర ఎవరూ లేరు.
మూల స్టూలు మీద అది ఉలిక్కిపడి లేచింది.
తమిళంలో నాలుగు హద్దులు:
ఉత్తరాన పది అడుగుల బాట,
తూర్పున ఏకాంబరం ఇల్లు, పడమట మురుగుకాలువ,
దక్షిణాన అమ్మగా మిగిలిన జాగా.
కన్నికమ్మ ఆ కాగితాన్ని చెంపకు ఆనించుకుంది,
జ్వరం చూసినట్టు.

పాడైన నలభై ఒక్కటీ
వెనకవైపు చిత్తు రాసుకోడానికి దాచుకుంది.
నా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టిచ్చింది.

కింద బండి తీస్తూ తలెత్తి చూశాను.
రెండో అంతస్తు కిటికీలో వెలుతురు
ఒక్క క్షణం మసకబారి, తేరుకుంది.

ఎవరిదో ఇల్లు ఇంకొకరి పేరుకు మారుతోంది.