తొమ్మిది వందల మిల్లీసెకన్లు

పగలంతా క్లైపేద రేవులో క్రేన్ నడుపుతాను.
నలభై మీటర్ల ఎత్తున గాజు గది,
బూట్ల కింద ఉప్పుగాలి, కంటైనర్లు.
మీట వదిలాక కూడా పెట్టె ఊగుతుంది.
చేతికీ బరువుకీ మధ్య ఆ ఆలస్యం
పదహారేళ్ళుగా నా మోచేతుల్లో కాపురముంటోంది.
దాన్ని ముందే పసిగట్టి ఆపడం నాకొచ్చు.

ఇది వేరు.
ఇది చెప్పి రాదు.

రాత్రి పది. మంచు రోడ్డు, నా ఎర్ర కారు,
పక్క సీట్లో రిమ్‌గౌదస్,
మనిషి షౌల్యైలో, గొంతు నా చెవిలో:
"ఎడమ నాలుగు, తర్వాత దిగుడు, జాగ్ర—"
అంతే.
పద్నాలుగు దగ్గరున్న పింగ్ తొమ్మిది వందలు.
కారు అద్దాల బీరువాలో బొమ్మలా నిలబడిపోతుంది.
నేను బ్రేకు నొక్కుతూనే ఉంటాను,
ఖాళీ ఇంటి తలుపు కొట్టినట్టు.
లోకం తిరిగొచ్చేసరికి నేను చెట్టులో ఉంటాను.
"స్కిర్మంతే, మళ్ళీ పైన్ చెట్టుని పలకరించావా?"

ముందు గోడని తిట్టాను.
సోవియట్ కాలపు కాంక్రీటు పలకల ఇల్లు,
ఐదు గిగాహెర్ట్జ్ దాని ముందు చేతులెత్తేస్తుంది;
మిగిలింది రెండున్నర లోపు, ఇరుకు సందు,
భవనమంతా అందులోనే నడవాలి.
తర్వాత ఓడల రాడార్లని.
తర్వాత పక్కింటి గెనోవైతేని:
ఆసుపత్రి లాండ్రీలో సాయంత్రం డ్యూటీ దిగి
పదకొండు నలభైకి బంగాళదుంపల కూర వేడి చేస్తుంది,
రెండు నిమిషాలు, మైక్రోవేవ్‌లో,
ఆ రెండు నిమిషాలూ నా అంకెలు పూనకమొచ్చినట్టు ఊగుతాయి.

కానీ మిగతా రాత్రి?
షిఫ్టు కాగితం వెనక రాసుకున్నాను:
పది పద్నాలుగు, పది పదిహేను, పది పదహారు.
కూర అంత క్రమంగా ఉడకదు.

ఛానెల్ ఒకటి నుంచి పదకొండుకి మార్చాను.
బ్లూటూత్ తీసేసి పాత తీగ హెడ్‌సెట్ తగిలించాను,
ఒక చెవే పనిచేస్తుంది.
డ్రైవర్ కొత్తది వేశాను, పాతది వేశాను.
వైర్‌లెస్ కార్డుని కునుకు తియ్యొద్దన్నాను.
పన్నెండు మీటర్ల కేబుల్ కొని
వసారాలోంచి, స్నానాలగది గుమ్మం మీంచి లాగితే
గీత నిటారు. నీళ్ళు నిలిచినట్టు.
ఫోను అదే బల్ల మీద పెట్టి చూస్తే, గాల్లోనే, అదీ నిటారు.

పిల్లిని చంకలో పెట్టుకుని
రేవంతా గాలించాను.

ల్యాప్‌టాపే.
నా రౌటర్ చెయ్యి పట్టుకునే ఉండి
నిమిషానికోసారి ముఖం తిప్పి
ఇంకెవరైనా ఉన్నారా అని చూసొస్తోంది.
జాబితా కూడా రాసి పెట్టుకుంది:
'జూరా', 'మూడో అంతస్తు మాది', 'అడగొద్దు',
'గెనోవైతే', పూర్తిగా ఐదు గీతలతో.
ఎవరి తాళం దాని దగ్గర లేదు. అయినా చూస్తుంది.

కోపం రాలేదు, నిజం చెప్పాలంటే.
నేనూ టీ విరామంలో రోటర్‌డామ్ రేవు ఖాళీల పేజీ తెరుస్తాను.
దరఖాస్తు పెట్టను.
చూస్తానంతే. మూసేస్తాను.
ఆ అర నిమిషం కింద ఎవరో రేడియోలో పిలుస్తుంటారు.

సెట్టింగుల అడుగున ఎక్కడో ఒక టిక్కు.
తీసేశాను.

ఆ రాత్రి నలభై ఒక్క మలుపులు, ఒక్క చెట్టూ లేదు.
రిమ్‌గౌదస్ చివర్లో ఏమీ అనలేదు,
ఈల వేశాడు.
పదకొండు నలభైకి మాత్రం అంకెలు ఉలిక్కిపడ్డాయి,
రెండు నిమిషాలు. పక్కకి తీసి కారు ఆపాను.
గెనోవైతే ఇంటికొచ్చింది.

మూడు వారాలు అలాగే.
నిన్న పదకొండు నలభై అయింది.
గీత కదల్లేదు. నలభై ఐదు. నిటారు.
పన్నెండు పది. పద్నాలుగు, పద్నాలుగు, పదమూడు.
ఇంత మంచి పింగ్ నా జన్మలో చూళ్ళేదు,
చూడలేకపోయాను.

"రిమ్‌గౌదస్, ఉండు" అని
సాక్సులతోనే వెళ్ళి తలుపు తట్టాను.

తీసింది. చేతిలో ప్లేటు, చల్లటి కూర.
"మైక్రోవేవ్ చచ్చిపోయింది" అంది.
"క్రేన్లు నడుపుతావటగా,
కాస్త చూసి పెడతావా?"