కాలి కింద డ్రిప్పు

నెలకు ఇరవై దినార్లు పెట్రోలుకు.
మిగిలితే నీది, చాలకపోతే నీది
అన్నాడు బాబా, తాళంచెవి చేతిలో పెట్టి.
సుర్రాలో ఇల్లు. ఎనిమిది సిలిండర్ల బండి.
మా రాయచోటి సందులో అది మళ్ళాలంటే
రెండిళ్ళ అరుగులు పడగొట్టాల.

మొదటి నెల ఇరవై రెండయింది.
నా జీతంలోనుంచి రెండు దినార్లు
గటగటా తాగి మూతి తుడుచుకుంది బండి.

బత్తాయి చెట్లకు నీళ్ళు చాలనప్పుడు
బోరును తిట్టి ఏం లాభం?
డ్రిప్పు వేసుకుంటాం.

తెల్లారుజామున, రోడ్డు కాగకముందే
నాలుగు చక్రాలకూ గాలి చూసినా.
ఎనక ఎడమది చప్పబడి ఉండాది,
తెగిన చెప్పు ఈడ్చుకుంటా నడిచినోని మాదిరి.
డిక్కీ తెరిస్తే
పోయిన చలికాలం ఎడారిలో వేసిన గుడారం,
దాని ఇనుప మేకులు, బొగ్గుల మూట,
తుప్పు పట్టిన కబాబు చువ్వలు,
ఎవరో తొక్కడం మానేసిన మూడు చక్రాల సైకిలు.
ఎండాకాలమంతా వీటిని
బడికీ ఆస్పత్రికీ ఊరేగించింది నేనే!
దించినా.
బండి బెత్తెడు పైకి లేచింది.

ఎద్దు తోక మెలిపెట్టేటోనికి
బండి తోలడం రాదనేవాడు మా నాయన.
మిట్ట ఎక్కేముందు మాట చెప్పేవాడు వాటికి,
పల్లంలో పగ్గం వదిలేవాడు.
అదే చేస్తాండా.
సిగ్నలు దూరాన ఎర్రబడితే
కాలు ముందే తీసేస్తా.
ఎనకనుంచి హారన్లు మొరుగుతాయి.
ఆగేదానికి అంత తొందరెందుకు నాయనా?

మధ్యాన్నం బడి ముందర
ఇంజను ఆపేసి, తడి తువ్వాలు మెడకు చుట్టుకుంటా.
గోడ నీడ జరిగితే బండిని జరపను,
దిగి, నీడతో పాటు నేనే జరుగుతా.
రాత్రి దక్షిణం పక్క దారిలో
బావుల మీద మంట కనపడుతుంది, ఊరికే మండుతా.
నేనేమో చెంచాలతో కొలుస్తాండా.

రెండో నెల మూడున్నర మిగిలింది.
శుక్రవారం బస్సెక్కినా మాలియాకు.
జహ్రానుంచి ఇంకో బస్సులో రెడ్డెమ్మ వచ్చింది.
అదీ ఒక ఇంట్లో వంటకు కుదిరి ఏడాదిన్నర.
నాలుగ్గంటలు. ఒక పొట్లం మిరపకాయ బజ్జీలు.
అది కొరికి, ముక్కు దగ్గర పెట్టుకొని,
"పెట్రోలు వాసన వస్తాందయ్యా" అని నవ్వింది.

ఐదో నెల మామా రసీదులు లెక్కబెట్టింది.
"తక్కువే అవుతోందే! బాగుంది.
వచ్చే నెలనుంచి పదహారు చాలు."
కోపంగా కాదు, మెచ్చుకుంటానే చెప్పింది.
ఆ మాటకు తల ఊపినా కూడా.

ఆ సాయంత్రం గుడారం మళ్ళీ ఎక్కించినా.
బొగ్గుల మూట కూడా.
ముసలామెను సాల్మియాలో వాళ్ళ చెల్లెలింటికి
తీసుకపోతా, రోడ్డు ఖాళీగా ఉంటే
ఒక్క తొక్కు తొక్కినా.
ఎనక సీట్లో ఆమె నిద్ర చెదిరింది.
అద్దంలోనుంచి చూసింది,
ఇదేంది, బండి వేరే ఎవరు తోలుతున్నారు అన్నట్టు.
కాలు దానంతటదే ఎనక్కొచ్చింది.
తిట్టుకున్నా దాన్ని.
పాడు కాలు, చెప్పిన మాట వినదు.

రెడ్డెమ్మకు చెప్తే ఈసారి నవ్వలేదు.
"కూర ఉడుకు పట్టినాక
మంట తగ్గించకుంటే నాకు చెయ్యి ఊరుకోదు.
నాకు ఏ మామా ఇచ్చింది మిగులు?"
బజ్జీలు మూడే వచ్చినాయి.
మూడోదాన్ని తుంచి, పెద్ద ముక్క నా పక్కకు జరిపింది.

తిరిగి వచ్చే బస్సులో సీటు లేదు.
ఆ డ్రైవరెవరో గాని
తొక్కుడు మీద తొక్కుడు, బ్రేకు మీద బ్రేకు.
పైన కడ్డీ పట్టుకొని నిలబడుకున్నా.
దూరాన సిగ్నలు ఎర్రబడింది.
నా కుడికాలి మడమ
నేల మీదనుంచి కొంచెం లేచింది.