పదిహేడు చావుల బాకీ

ఆమెను నేను పదిహేడు సార్లు చంపాను.
లెక్క నాది కాదు, ఆమెది.
నాకైతే గుర్తు కూడా లేదు.

వూచ్ నగరంలో ట్రాముల షెడ్డు, రాత్రి డ్యూటీ.
బ్రేకులు మార్చి, చేతుల గ్రీజు గుడ్డకు తుడిచి
మూడింటికి ఫోను తెరిస్తే
నాకోసం ఒక చిత్తడి నేల మేలుకుని ఉండేది.
పాచిరంగు పొగమంచు, మొసళ్ళు,
ఆ మొసళ్ళ తోళ్ళు ఒలుస్తూ ఒంటరిగా ఒక మనిషి.
ఉలకదు, పలకదు.
గానుగెద్దులా అదే దారి, అదే మలుపు.

"బంగారం అమ్ముకునే రకం," అన్నాడు ఊర్మస్.
(టార్టులో రొట్టెల బట్టీ అతనిది.
పిండి పొంగేలోపు ఆడతాడు.)
"ఆటను పాడు చేసేది వీళ్ళే."
సరేనని గొడ్డలి ఎత్తాను.
నిజం చెప్పాలంటే, బాగుండేది.
పగలంతా నామీద అరిచే సూపర్‌వైజరు
ఆ దెబ్బకు కాస్త పలచబడేవాడు.

పదిహేడోసారి పడి లేచి
ఆమె మొదటిసారి మాట్లాడింది.
యంత్రం అనువదించి పెట్టింది:
"అయ్యా, ఒక్కో తోలు నాకు మూడు కోడిగుడ్లు.
మీరు నా గుడ్లు పగలగొడుతున్నారు."

పేరు నయీబే.
మరకాయిబోలో బడిపంతులమ్మ, రేఖాగణితం.
జీతం వచ్చిన రోజు సాయంత్రానికే
జీతం వచ్చిందన్న మాట మాత్రం మిగులుతుందట.
అందుకని రాత్రిళ్ళు మొసళ్ళు.

ఆ ఊళ్ళో కరెంటు పోతే
మా చిత్తడిలో ఆమె బొమ్మ
కత్తి సగం ఎత్తి అలాగే నిలిచిపోయేది.
మొసళ్ళకు కరెంటుతో పనేముంది?
ఎవరో వెళ్ళి ఆమె ముందు అడ్డంగా నిలబడ్డారు.
తర్వాత ఇంకొకరు. తర్వాత ఊర్మస్,
మాడిన రొట్టెల సంగతి మరుసటి రోజు చెప్పాడు.
మొదట నిలబడింది నేను కాదు.
అది చెప్పి తీరాలి.

మా జాగోదాకు లెక్కల్లో రెండోసారి సున్నా వచ్చినప్పుడు
సిగ్గు చంపుకుని అడిగాను.
చాలాసేపు జవాబు లేదు.
కరెంటు పోయిందనుకున్నాను.
"గంటకింత," అని రాసింది చివరికి.
"మీకు మాత్రం మొదటి పదిహేడు గంటలు రెట్టింపు.
ఎందుకో మీకు తెలుసు."

నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు.
బురదలో మూడు కాగడాలు పాతింది,
అదే త్రిభుజం.
నాలుగోది జరిపితే నీడలు జరిగాయి.
కోణం అన్న మాటకు యంత్రం మూల అని చెప్పింది.
మా భాషలో రెండింటికీ ఒకటే మాట మరి.
"మూడు మూలలు కలిపితే తిన్నని గీత ఎలా అవుతుంది టీచర్?"
మా పిల్ల అడిగితే
నయీబే గంటసేపు నవ్వే గుర్తులే పంపింది,
ఆ గంటకూ డబ్బు తీసుకుంది.

ఊర్మస్ కొడుకు వచ్చాడు.
ఎక్కడో ఓడలో వంటచేసే ఒకామె కవలలు వచ్చారు.
ఇక్కడ చీకటి పడేవేళ, అక్కడ మిట్టమధ్యాహ్నం,
పదకొండు మంది, పదకొండు కాగడాలు.
తోళ్ళు ఒలవడం మానేసింది.
మొసళ్ళు బలిసి
గట్టుమీద పెద్దమనుషుల్లా పడుకుంటున్నాయి.

పదిహేడో గంట డబ్బు పంపిన రాత్రి
ఒక్క మాట వచ్చింది: చెల్లు.
షెడ్డులో ఎవరూ చూడకుండా
దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను.

నిన్న పాఠం మధ్యలో
చెయ్యి గాల్లోనే ఉండగా ఆగిపోయింది.
అక్కడ కరెంటు పోయింది.
ఎవరూ చెప్పకుండానే పిల్లలు
ఆమె చుట్టూ కాగడాలతో నిలబడ్డారు.
"వృత్తం భలే కట్టారే," అన్నాను వెనకనుంచి.
"వృత్తం కాదు నాన్నా," జాగోదా తిరిగి చూడలేదు,
"పదకొండు భుజాలున్నాయి. లెక్కపెట్టుకో."

నేనూ ఒక భుజం అవుదామని దగ్గరికి వెళ్ళాను.

"ఆగు," అంది.
"ముందు ఆ గొడ్డలి కింద పెట్టు."