కదపకుండా పట్టుకెళ్ళు

నెల్లిమర్లలో, మిల్లు వెనక లైనులో
తొమ్మిదేళ్ళకే నాకో ఉద్యోగం ఉండేది:
ఈ ఇంటి గిన్నె ఆ ఇంటికి మొయ్యడం.
జీతం లేదు.
దారిలో ఓ దొండకాయ కొరికితే
అడిగేవాళ్ళూ లేరు.

ఇరవై రెండు ఇళ్ళు.
ఒక్కోదాని వెనకా నులకమంచమంత పెరడు.
పందిళ్ళకి వెదుళ్ళు కొన్నారేమో గాని
తాడు కొన్న పాపాన ఎవరూ పోలేదు.
షిఫ్టు దిగిన మగాళ్ళ జేబుల్లో
జానెడో మూరెడో పురికొస వచ్చేది.
గోగునారే అది.
దాని ఆకు మాకు కూర, దాని తోలు మాకు జీతం.
ఆ నార పట్టుకునే ఆనపతీగలు
రేకుల మీదకి పాకి
మిల్లు గొట్టం కేసి చూసేవి.

సూరీడమ్మకీ తవిటమ్మకీ మాటల్లేవు.
కుళాయి దగ్గర బిందె వరస తప్పిందని
మూడేళ్ళ కిందటి తగువు.
మనుషులు మానేశారు, తీగకేం తెలుసు?
సూరీడమ్మ ఆనప గోడ దాటి
తవిటమ్మ పెరట్లో నీళ్ళాడింది.

"గోడవతల కాసింది ఆలిదేనని సెప్పు."
"ఇత్తనం ఆలిది, కాయ మాదెలగవుద్దో అడుగు."
పసిబిడ్డలా కాయని చంకనేసుకుని
అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు.
ఆఖరికి మా అమ్మ కత్తిపీట మీద
అది రెండు చెక్కలైంది.
తొక్కపచ్చడి మాకు కూలి.

లైనుకి ఒకటే చట్టం:
వచ్చిన గిన్నె ఖాళీగా తిరిగెళ్ళకూడదు.
బీరకాయలకి బచ్చలి, బచ్చలికి నాలుగు నిమ్మకాయలు,
ఏమీ లేకపోతే కరివేపాకు రెబ్బ.
గిన్నెల మీద కొట్టించిన పేర్లు చూసి
నేను చదువు నేర్చుకున్నాను.

ఓ పొద్దున్న సైరను కూయలేదు.
గేటుకి కాయితం అంటించారన్నారు.
నాన్న షిఫ్టు టైముకే లేచి, గెడ్డం గీసుకుని,
గేటు ముందు కూచుని వచ్చేవాడు.
జేబులో పురికొస లేదు.

ఆ ఏడు మా పెరడూ పండలేదు.
చంటిది పుట్టి అమ్మ మంచం దిగలేదు,
మేకలు దడి దూకాయి.
మిగిలింది ఒకటే మిరపమొక్క,
అదీ సగం కొరికింది.

మూడో నెలలో
తవిటమ్మ నా చేతుల్లో గిన్నె పెట్టింది.
పైన మునగాకు, రెమ్మలు దూసి, కుప్పగా.
"ఒలే పైడీ, కదపకుండా పట్టుకెళ్ళు."

ఆకుకూర ఒలికిపోతుందా?

అప్పటికి నా మణికట్టే ఓ తక్కెడ.
మునగాకు బరువెంతో నాకు తెలీదా.
నిన్న సూరీడమ్మ గిన్నె కూడా,
గోగుకూరది, తవిటమ్మకని పంపింది,
ఇలాగే చేతులు లాగేసింది.
సూరీడమ్మ పుట్టింటోళ్ళకి
గుర్ల దగ్గర మడి ఉంది.

దారిలో నేను ఆకు కదిపి చూడలేదు.

అమ్మ చేటలో బోర్లించింది.
ఆకు కిందపడి, పైన
సోలెడు బియ్యం.
తవిటమ్మ మొగుడూ అదే గేటు ముందు కదా కూచున్నాడు.
అమ్మ చాలాసేపు చూసింది.
ఏమీ అనలేదు.
ఆకుల్ని ఒకవైపు, గింజల్ని ఒకవైపు
చీమ ఏరుకున్నట్టు ఏరుకుంది.

తరవాత గిన్నె తోమి
పెరట్లోకెళ్ళింది.
దడి వారనా, నూతి గట్టు వారనా
మూడుసార్లు తిరిగింది.
ఒక్క మిరపకాయ తెచ్చింది. పచ్చిది.
కడిగి, కొంగుతో తుడిచి,
గిన్నె మధ్యలో పెట్టింది.

"కదపకుండా పట్టుకెళ్ళు."

అంత తేలిక గిన్నె
నేనెప్పుడూ మొయ్యలేదు.
కాయ దొర్లకుండా, చప్పుడవకుండా
రెండు చేతులా పట్టుకుని
పదకొండు గుమ్మాలు దాటాను.

తవిటమ్మ చెయ్యి తుడుచుకుని అందుకుంది.
తొడిమ పట్టుకు పైకెత్తి చూసింది.
"ఓలమ్మ! దీనికోసమే సూస్తన్నాను," అంది,
"గోగుకూర ఉడికిపోయింది,
కారం లేదనుకుంటన్నాను."